పాత బండిలో ఏసీ: నడుస్తుంటే చల్లన, ఆగితే వేడిగాలి. గ్యాసా, కంప్రెసరా?

అంబాజీపేట_అబ్బాయి
2011 మోడల్ డీజిల్ చిన్న కారు. కంపెనీ పేరు చెప్పను, చెప్తే మా కంపెనీ గొప్పా మీ కంపెనీ గొప్పా అని అసలు విషయం గోదాట్లో కలిసిపోతుంది. బాధంతా ఏసీతోనే. హైవే ఎక్కి ఎనభైలో పోతుంటే పర్వాలేదు, వెనక సీటువాళ్లు కూడా నోరెత్తరు. రావులపాలెం సెంటర్లో లారీల వెనక ఆగామంటే మాత్రం రెండు నిమిషాల్లో వేడిగాలి మొదలు. పోయిన ఎండాకాలం ఒకాయన గ్యాస్ తక్కువుందని పట్టాడు, కొన్నాళ్లు బాగున్నట్టే అనిపించింది. ఈ ఏడు మళ్లీ అదే కథ. మళ్లీ ఇంకొంచెం పట్టాడు, ఈసారి తేడా ఏమీ లేదు. ఇంకో షాపుకి తీసుకెళ్తే బానెట్ ఎత్తీ ఎత్తకముందే కంప్రెసర్ పోయింది, పద్దెనిమిది వేలు అన్నాడు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, మా అత్తగారు అప్పుడే విసనకర్ర పట్టుకుని బండెక్కుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రావులపాలెం_రయ్
మధ్యలో మా సెంటర్ ఏం చేసిందండి. అక్కడ కొత్త బండి ఏసీకి కూడా చెమటలు పడతాయి.

తణుకు_డీజిల్
గ్యాస్ లీకే. ఇంత పాత బండిలో ఇంకేముంటుంది. లీకు ఎక్కడుందో పట్టి మూయించి మళ్లీ నింపించండి, అయిపోతుంది.

కాకినాడ_కాజా
కంప్రెసర్ అని వాడు ఊరికే అనడు బ్రో. ఇంజన్ స్పీడు మీదున్నప్పుడు గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ గట్టిగా తిరుగుతుంది కాబట్టి అరిగిపోయినా లాగేస్తుంది, ఐడిల్లో, అంటే బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు, చేతులెత్తేస్తుంది. మా బావ బండికి అచ్చం ఇదే, కంప్రెసర్ మార్చాకే బాగుపడింది.

గేజ్_మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. ఏసీ పనే చేస్తున్నాను చాలా ఏళ్లుగా, చూడకుండా గ్యాస్ అనేవాణ్ణీ కంప్రెసర్ అనేవాణ్ణీ ఒకే గాటన కడతాను.

నడిస్తే చల్లదనం, ఆగితే వేడి. దీనికి మొదటి అనుమానం కండెన్సర్ మీద. రేడియేటర్ ముందు పల్చగా జాలీలా ఉంటుందే, అది. కారులోని వేడినంతా బయటికి వదిలేది అదే. బండి పరిగెడుతుంటే ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ పనంతా ఫ్యాను ఒక్కటే చెయ్యాలి. ఫ్యాను తిరగకపోయినా, నెమ్మదిగా తిరిగినా, జాలీ నిండా చెత్త పేరుకున్నా లోపల ప్రెషర్ పెరిగిపోయి చల్లదనం చచ్చిపోతుంది. గ్యాస్ తక్కువైనా, కంప్రెసర్ అరిగినా కూడా ఐడిల్లో ఇలాగే ఉండొచ్చు, కాదనను. అందుకే ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఏసీ వేసి బండి ఐడిల్లో పెట్టి బానెట్ ఎత్తితే ఫ్యాను తిరుగుతోందా? కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్ టిక్కుమని పట్టుకుని అలాగే ఉంటోందా, కాసేపటికే వదిలేస్తోందా? అరగంట నడిచాక బండి కింద నీళ్లు కారుతున్నాయా? ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి, ఆగి ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా తిరుగుతుంది.

పాలకొల్లు_పద్మ
మాస్టారూ, నీళ్లు కారడం మంచిదా చెడ్డదా? నా బండికి కింద కారడం మానేసి పక్క సీటు దగ్గర కార్పెట్ తడుస్తోంది.

గేజ్_మాస్టారు
కిందకి కారడం మంచిది, లోపల కారడం చెడ్డది. డ్రెయిన్ పైపు మట్టితో మూసుకుపోయి ఉంటుంది. కింద నుంచి మెల్లగా గాలి కొట్టిస్తే వచ్చేస్తుంది, డాష్‌బోర్డు దింపాలంటే ఒప్పుకోకండి.

గోదారి_గట్టు
అసలు మన దగ్గర ఏసీ చేసే పని వేరు. మా తమ్ముడు కర్నూల్లో ఉంటాడు, 41 డిగ్రీల్లో వాడి డొక్కు బండి గజగజ వణికిస్తుంది. ఇక్కడ 36కే నా బండి నీరసపడుతుంది. మన గాలిలో తేమ అలాంటిది. ఆ తేమని నీళ్లు చెయ్యడానికే ఏసీ బలం కొంత పోతుంది. లెక్కేస్తే గంటకి లీటరు నీళ్లు కారాయంటే ఒక్క దానికే 0.7 కిలోవాట్ దాకా ఖర్చు. చిన్న కారు ఏసీ మొత్తం శక్తే మూడు నాలుగు కిలోవాట్లు. అద్దం సందు వదిలినా, బయటి గాలి తీసుకునే మీట తెరిచి ఉన్నా ఇక ఆ తేమని పిండుతూనే ఉంటుంది. ముందు లోపలి గాలే తిరిగేలా పెట్టుకుని చూడండి.

భీమవరం_బుల్లోడు
అంటే నేను బండి నడుపుకుంటూ చెరువులు నింపుతున్నానన్నమాట. ఆక్వా రైతులకి శుభవార్త.

అంబాజీపేట_అబ్బాయి
మాస్టారూ, చూశాను. ఎండలో ఐడిల్లో పెడితే ఫ్యాను తిరగట్లేదు. చాలాసేపటికి ఒక్కసారిగా విమానంలా మోత పెట్టి తిరిగి, కాసేపటికి ఆగిపోయింది. క్లచ్ పట్టుకున్న కాసేపటికే వదిలేస్తోంది, కాసేపాగి మళ్లీ పట్టుకుంటోంది. కింద నీళ్లు కారుతున్నాయి, కాకపోతే ఊళ్లో తిరిగినప్పుడు బాగా తక్కువ. బయటి గాలి మీట మూసే ఉంది.

తణుకు_డీజిల్
క్లచ్ మాటిమాటికీ వదిలేస్తోందంటే గ్యాస్ తక్కువే! లో ప్రెషర్ స్విచ్ కోసేస్తోంది. నేను చెప్పిందే.

గేజ్_మాస్టారు
డీజిల్ గారూ, స్విచ్ రెండు వైపులా కోస్తుంది. గ్యాస్ మరీ తగ్గినా కోస్తుంది, ప్రెషర్ మరీ పెరిగినా కోస్తుంది, బండిని బట్టి 400 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాటాక ఎక్కడో. చెవితో వింటే రెండూ ఒకటే టిక్కు.

ఏదో తేలాలంటే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండి ఐడిల్లో, ఏసీ ఫుల్లులో పెట్టండి. ముందు గ్రిల్లు సందులోంచి కండెన్సర్ మీద గార్డెన్ పైపుతో నీళ్లు సన్నగా చల్లండి. ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. నీళ్లు పడిన నిమిషం రెండు నిమిషాల్లో లోపల గాలి చల్లబడి, క్లచ్ వదలడం మానేస్తే రోగం కండెన్సర్ వైపున్నట్టే. నీళ్లు పోసినా మార్పు లేకపోతే అప్పుడు గ్యాసూ కంప్రెసరూ మాట్లాడుకుందాం. వంటింట్లోనో ఆక్వా షాపులోనో థర్మామీటర్ ఉంటే మధ్య వెంట్‌లో గుచ్చండి, చేతికి చల్లగా ఉందనడం లెక్కలోకి రాదు.

నర్సాపురం_ఉప్పుగాలి
ఈ నీళ్ల పరీక్ష నిజంగా పనిచేస్తుందండి. మాకు సముద్రం దగ్గర కాబట్టి కండెన్సర్ రోగాలన్నీ కంఠతా వచ్చు. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిపొడి అయిపోతాయి, వేలితో తాకితే బూడిదలా రాలిపోతాయి. పైపు బాగానే ఉన్నా రెక్క లేకపోతే వేడి ఎలా పోతుంది? పైగా చెరువుగట్ల మీద తిరిగితే పురుగులు, మట్టి. నేను నెలకోసారి మామూలు నీళ్లతో కడుగుతాను.

కాకినాడ_కాజా
మా బావ బండి కూడా నీళ్లు పోసి చూడాల్సింది అప్పుడు.

భీమవరం_బుల్లోడు
బావకి చెప్పకు. పద్దెనిమిది వేలు గుర్తొస్తాయి.

ఎర్రకారు_ఎంకన్న
నా బండి 1995ది. మొదట్లో ఆర్ 12 గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం రాసుకున్నాక అది మెల్లగా బజార్లోంచే మాయమైపోయింది. ఆర్ 134ఏకి మార్పించాను. మార్చడమంటే గ్యాస్ ఒక్కటే కాదు, ఆయిలు, జాయింట్ల రబ్బరు ఓ రింగులు, తేమ పీల్చే డ్రయర్ అన్నీ మార్చాలి. బరువు కూడా అంతే వెయ్యకూడదు, పాతదానిలో 80 నుంచి 90 శాతం చాలు. మొదటి మెకానిక్ పాత స్టిక్కర్ చూసి అంతా పట్టేశాడు, ఐడిల్లో అచ్చం మీకున్నట్టే ఉండేది. మీ బండికి రెండుసార్లు పట్టారంటున్నారు. తూకం వేసి పట్టారా, కళ్లతో చూసి పట్టారా?

అంబాజీపేట_అబ్బాయి
తూకం ఎక్కడిదండి. చిన్న డబ్బాలు తెచ్చాడు, పైపు పెట్టాడు, గేజు వంక చూసి 'చాల్లే' అన్నాడు.

గేజ్_మాస్టారు
ఎంకన్నగారు అడగాల్సిందే అడిగారు. కాస్త వివరంగా చెప్తాను.

గ్యాస్ ఖర్చయ్యేది కాదు, పెట్రోలు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. కారిన చోట సన్నగా ఆయిలు తడి ఉంటుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక పడుతుంది, ఎందుకంటే గ్యాసుతోపాటే ఆయిలు కూడా తిరుగుతుంది. జాయింట్లు, కంప్రెసర్ ముందు సీలు, గ్యాస్ పట్టే వాల్వులు చూడాలి. ఆ వాల్వు మీద ప్లాస్టిక్ మూత లేని బండ్లు ఎన్ని చూశానో చెప్పలేను. లోపలి పిన్ను అర్ధరూపాయి ఖరీదు చెయ్యదు, దానికోసం గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మార్పించినవాళ్లున్నారు.

ఇక ప్రెషర్ చూసి 'చాల్లే' అనడం సంగతి. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజు పెడితే 35 డిగ్రీల ఎండలో ఆర్ 134ఏ దాదాపు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల 150 గ్రాములున్నా అంతే, 450 ఉన్నా అంతే. ద్రవం చుక్క మిగిలి ఉన్నంతవరకూ ఆ అంకె కదలదు. నడుస్తున్నప్పుడు చూస్తే కొంత తెలుస్తుంది, లో సైడు (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 25 నుంచి 45, హై సైడు (నొక్కి బయటికి పంపే వైపు) 150 నుంచి 250 మధ్య ఉండాలి, మన ఎండలకి ఇంకొంచెం ఎక్కువైనా తప్పు లేదు. లో సైడు ఎక్కువ, హై సైడు తక్కువ ఉంటే కంప్రెసర్ అరిగిందని అనుమానించాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువో, కండెన్సర్ చల్లబడటం లేదో, గొట్టాల్లో గాలంతా లాగేసే వ్యాక్యూమ్ పెట్టకుండా పట్టడంవల్ల గాలి చేరిందో. చెత్త నిండిన కండెన్సర్ ఉన్న బండికి గేజు చూసి గ్యాస్ సరిచెయ్యబోతే అయోమయమే. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఉన్నదంతా మెషీన్లోకి లాగి తూచి, వ్యాక్యూమ్ పెట్టి అరగంట ఆపి, ముల్లు కదలలేదని చూసుకుని, రాసినంతే పట్టాలి.

తణుకు_డీజిల్
సరే, తూకం మంచిదే. కానీ లీకు లేకుండా పోయిన ఏడాది కొన్నాళ్లు ఎందుకు బాగుందంట?

గేజ్_మాస్టారు
అప్పుడు నిజంగానే కాస్త తగ్గి ఉండొచ్చు. లేదా పట్టిన వారం వానలు పడి ఉండొచ్చు. మా షాపుకొచ్చే బండ్లలో సగం వర్షానికే బాగైపోతాయి.

యానాం_ట్యాంక్‌ఫుల్
డబ్బా గ్యాస్ అంటే జాగ్రత్త అబ్బాయి గారూ. పైన 134 అని రాసి లోపల ఏదేదో కలిపేవి ఉంటాయి. ఇంకా కొందరు మహానుభావులు వంట గ్యాస్ కూడా పట్టేస్తారు, బ్రహ్మాండంగా చల్లబడుతుందని. చల్లబడుతుంది నిజమే. కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డులో మన మోకాళ్ల ముందుంటుంది, అది కారితే కారు లోపలంతా అదే గ్యాస్. సిగరెట్టు మామయ్యలున్న ఇళ్లలో అసలు వద్దు.

రావులపాలెం_రయ్
పెట్రోలు చవకని యానాం దాకా పోయి ట్యాంకు నింపుకొచ్చేవాళ్లు గ్యాస్ చవకైతే ఊరుకుంటారా.

యానాం_ట్యాంక్‌ఫుల్
ఏవండోయ్, మా ట్యాంకు జోలికి రాకండి.

గోదారి_గట్టు
ఇంకో మాట. అద్దాలకి నల్ల ఫిల్ము వేస్తే ఏసీ మీద భారం తగ్గుతుందని ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్తున్నా. 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ఎండలో పెట్టినప్పుడు లోపలి నుంచి మడత షేడ్ పెట్టుకోండి. ఎక్కగానే అద్దాలన్నీ దించి కొంత దూరం నడిపి, వేడిగాలి పోయాక ఏసీ వేసుకోండి.

భీమవరం_బుల్లోడు
నీడ కావాలంటే కోనసీమలో కొబ్బరిచెట్లకేం తక్కువ. కాకపోతే ఏసీ సంగతి తర్వాత, కాయ పడితే టాపు సంగతి చూసుకోవాలి.

అంబాజీపేట_అబ్బాయి
నీళ్ల పరీక్ష చేశాను. మా ఆవిడ వాళ్ల ఆక్వా కిట్‌లోని థర్మామీటర్ పెట్టాను. ఐడిల్లో 21 డిగ్రీలు ఉంది. నీళ్లు చల్లుతుండగానే దిగడం మొదలై 13కి వచ్చింది, క్లచ్ వదలడం మానేసింది. నీళ్లు ఆపాను, మళ్లీ పాకుతూ పైకి.

తర్వాత బంపర్ విప్పించి చూశాం. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య వేలు పట్టనంత సందు ఉంటుందిగా, అందులో కొబ్బరి పొట్టు గడ్డకట్టి ఉంది. మాది కొబ్బరి మార్కెట్ పక్కనే కదా, పీచు లారీల వెనక వెళ్లిన పాపమంతా అక్కడ చేరింది. తడికి ముద్దై, ఎండకి ఎండి, అట్టలా తయారైంది. స్క్రూడ్రైవర్‌తో కొస పట్టి లాగితే అరచేతి వెడల్పు ముక్క ఊడొచ్చింది. ముందు నుంచి చూస్తే జాలీ శుభ్రంగా కనబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నర్సాపురం_ఉప్పుగాలి
అదీ సంగతి! మాకు ఉప్పు, మీకు పొట్టు. నూర్పిళ్లప్పుడు వడ్ల ఊక కూడా ఇలాగే చేరుతుంది. లోపలి నుంచి బయటికి కడగండి, ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగబడుతుంది.

కాకినాడ_కాజా
ఫ్యాను సంగతి ఏమైంది? పొట్టు తీస్తే సరిపోదుగా.

గేజ్_మాస్టారు
కాజా దారిలోకొచ్చాడు. చాలాసేపటికి విమానంలా తిరిగిందన్నారు కదా, అంటే పెద్ద స్పీడు పనిచేస్తోంది, చిన్న స్పీడు లేదు. చాలా బండ్లలో చిన్న స్పీడుకి ఒక రెసిస్టర్ ఉంటుంది, ఫ్యాను చట్రానికే బిగించి. అది కాలిపోతే ఏసీ వెయ్యగానే తిరగాల్సిన ఫ్యాను తిరగదు, ప్రెషరో ఇంజన్ వేడో ముదిరాక పెద్ద స్పీడే దిక్కు. రిలే, ఫ్యూజు చూసి, తర్వాత రెసిస్టర్ చూడమనండి. ఫ్యాను మోటారు మొత్తం మార్చాలంటే తొందరపడకండి.

పాలకొల్లు_పద్మ
నా డ్రెయిన్ పైపు బాగైందండి, చిన్న మట్టి ముద్ద. కానీ ఇంకో సమస్య. అరగంట బాగా చల్లగా వస్తుంది, తర్వాత గాలే తగ్గిపోతుంది. బ్లోయర్ మోత మాత్రం అలాగే ఉంటుంది. ఏసీ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ మామూలే.

గేజ్_మాస్టారు
కూలింగ్ కాయిల్ మీద ఐసు కడుతోందమ్మా. ఐసు కట్టాక గాలి దూరే దారి ఉండదు. కాయిల్ దగ్గర సన్న వైరు సెన్సర్ ఉంటుంది, సున్నా దగ్గరికి రాగానే కంప్రెసర్ ఆపమని చెప్పేది. అది తప్పు చెప్తోంది, లేదా జాగా కదిలిపోయింది. క్యాబిన్ ఫిల్టర్ ఉంటే అదీ చూడండి. పాత బండ్లు కొన్నిటికి ఫిల్టరే ఉండదు, దుమ్మంతా కాయిల్ మీదే పడుతుంది.

కువైట్_తమ్ముడు
మా బండి షెడ్డులో నెలల తరబడి ఉంటుంది, సెలవులకి వచ్చినప్పుడే తీస్తాం. వచ్చిన ప్రతిసారీ ఏసీ లేదు, గ్యాస్ పట్టించు, వెళ్లిపో. పోయినసారి బ్లోయర్ వెయ్యగానే వెంట్లలోంచి పీచు ముక్కలు మొహాన పడ్డాయి. విప్పితే ఎలక కాపురం.

గేజ్_మాస్టారు
ఎలకకి నేనేం చెయ్యలేను గానీ గ్యాస్ పోవడానికి మందుంది. కంప్రెసర్ ముందు సీలుకి తడి ఉండాలి. తిరగకపోతే ఆయిలు దిగిపోయి సీలు ఎండి సన్నగా కారుతుంది. ఇంట్లో ఎవరైనా వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఏసీ వెయ్యాలి, చలికాలమైనా సరే.

కువైట్_తమ్ముడు
మా నాన్నకి చెప్తే డీజిల్ దండగ అంటారు.

భీమవరం_బుల్లోడు
ఎలకని కూడా ఎక్కించుకుని ఒక రౌండు వెయ్యమనండి.

అంబాజీపేట_అబ్బాయి
పని అయింది, లెక్క చెప్తాను. రెసిస్టరే పోయింది, మార్చారు. ఇప్పుడు ఏసీ వెయ్యగానే ఫ్యాను తిరుగుతోంది. కండెన్సర్ కడిగించాను. తర్వాత మెషీన్ ఉన్న షాపులో గ్యాస్ లాగించి తూచాం. స్టిక్కర్ మీద 430 గ్రాములు, లోపల ఉన్నది 560! ఇంతమందిమి తక్కువ తక్కువ అంటుంటే ఎక్కువుంది. వ్యాక్యూమ్ పెట్టి అరగంట చూశారు, ముల్లు కదల్లేదు. 430 పట్టించాను. మధ్యాహ్నం ఎండలో ఐడిల్లో 12, నడుస్తుంటే 8. కంప్రెసర్ పాతదే.

తణుకు_డీజిల్
560 అంటే నేను నమ్మలేకపోతున్నా. లీకు లేదన్నమాట.

ఎర్రకారు_ఎంకన్న
వ్యాక్యూమ్‌లో పట్టు నిలిచిందంటే పెద్ద లీకు లేనట్టే డీజిల్ గారూ. చిన్నవి మాత్రం వ్యాక్యూమ్‌కి దొరకవు, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాస్తేనే బయటపడతాయి. వచ్చే ఏడాది మళ్లీ తగ్గితే అది చేయించండి.

కాకినాడ_కాజా
ఐడిల్లో 12 కొంచెం ఎక్కువే. కంప్రెసర్ ఎంతో కొంత అరిగే ఉంటుంది, రాసిపెట్టుకోండి.

గేజ్_మాస్టారు
మన తేమలో, ఆగిన బండిలో, మధ్యాహ్నం 12 అంటే నాకు చాలు. గేజులో లో సైడు పెరిగి హై సైడు పడిపోతుంటే అప్పుడు కంప్రెసర్ మాట ఎత్తు కాజా.

రావులపాలెం_రయ్
మా సెంటర్లో ఆపి చూశారా?